పాలుకు చేసిన తొమ్మిది పాటలు



ఈసారి పోస్టులో మందుల పేర్లు లేవు, మార్కెట్ ధరలు లేవు. ఒక పాటల రికార్డు గురించి రాస్తున్న. అది కూడా ఇంగ్లండు వాళ్లది, 1964 నాటిది. ఈయనకు ఏమైంది అని పక్కకు నెట్టకండి. చదువుకుంట పోతే ఇది పత్తి గురించే అని మీకే తెలుస్తది.

రోలింగ్ స్టోన్స్ అని ఒక బ్యాండు ఉంది. పేరు మీరు వినే ఉంటరు. నాలుక బయటపెట్టిన ఎర్ర పెదాల బొమ్మ మన పిల్లల టీషర్టుల మీద కనబడతది చూడండి, అది వాళ్ల గుర్తే. అరవై ఏండ్లు దాటినా ఇంకా పాడుతున్నరు. వాళ్ల మొట్టమొదటి పెద్ద రికార్డు 1964 ఏప్రిల్‌లో లండన్‌లో వచ్చింది. అందులో పాటలు 12. ఆ పన్నెండులో 9 వాళ్లవి కావు. వేరేవాళ్లు రాసి, వేరేవాళ్లు ముందే పాడిన పాటలు.

మా తమ్ముని కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తడు. పోయిన పత్తి ఏరుడు రోజుల్లో సెలవు పెట్టి వచ్చి, చెలక కాడ చిన్న స్పీకర్‌లో ఈ బ్యాండు పాటలు పెట్టిండు. ఇది మొదటి రికార్డు అని చెప్పుకుంటనే "పెద్దనాయినా, ఇది పెద్ద లెక్కలోది కాదు. అన్నీ కాపీ పాటలే. వీళ్ల అసలు పని తర్వాత మొదలైంది" అన్నడు. ఆ మాట నా మనసుల నిలిచిపోయింది. ఒకరి భూమి ఇంకొకరు చేస్తే పంట పంట కాకుండా పోతదా? మన ఊర్లల్ల సగం మంది పాలుకు, కౌలుకు చేసేటోళ్లమే కదా. అందుకే ఆ రికార్డు పట్టుకొని కూర్చున్న. రాత్రి మోటరు కాడ, ట్రాక్టరు మీద, ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. ఒక్కో పాట కింద ఉన్న పేరు పట్టుకొని అసలు పాడినవాళ్లవి కూడా వెతికి విన్న. ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం కుదిరింది. అదే మీ ముందు పెడుతున్న.

ముందు ఆ పాటలు ఎక్కడ పుట్టినయో చెప్పాలె.

అమెరికాలో మిసిసిపి అనే రాష్ట్రం ఉంది. అక్కడ మిసిసిపి, యాజూ నదుల మధ్య ఒండ్రు నేల. పత్తికి పెట్టింది పేరు. 1865లో బానిసత్వం రద్దయింది గానీ నల్లజాతి వాళ్లకు భూమి రాలేదు. దొర భూమి ఇస్తడు, గుడిసె ఇస్తడు, కంచరగాడిద ఇస్తడు, విత్తనం ఇస్తడు. పంటలో సగం దొరకు. ఏడాదంతా ఉప్పు, పప్పు, బట్ట దొర దుకాణంల ఉద్దెర తేవాలె. ఏరుడు అయినంక ఏడాది చివర లెక్క చూస్తరు. లెక్క రాసేది దొర మనిషే. ఎంత పండినా బాకీ మిగిలే ఉంటది. ఈ కథ మీకు కొత్తగా చెప్పాల్నా? మన తాతలు జీతగాళ్లుగా ఉన్న కాలంల లెక్కలు ఎట్ల తేలేవో ఇంట్ల పెద్దలను అడగండి. దేశం వేరు, రంగు వేరు, ఆ బాకీ పుస్తకం మాత్రం ఒక్కతీరుగనే ఉంది.

ఆ పత్తి చేన్లల్ల పుట్టిందే బ్లూస్ అనే పాట. శనివారం రాత్రి ఒక గిటారు, ఒక మౌతార్గాన్, అంతే. దుఃఖం ఉంటది, ఎకసెక్కం ఉంటది, మోటు సరసం ఉంటది. పత్తికాయ తొలిచే ముక్కు పురుగు మీద కూడా పాటలు కట్టిన్రు. మన గులాబీ రంగు పురుగు కాదది, వేరే జాతి. 1890లల్ల మెక్సికో దిక్కునుంచి అమెరికాల దిగి, చేన్లకు చేన్లే నాశనం చేసింది. పురుగు మీద పాట కట్టిన రైతుకు ఎంత కడుపుమంట ఉండాలె, ఎంత హాస్యం ఉండాలె, మీరే ఆలోచించండి.

మడ్డీ వాటర్స్ అనే ఆయన ఆ నేల మనిషే. అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. క్లార్క్స్‌డేల్ దగ్గర స్టోవాల్ అనే పెద్ద తోటల పెరిగిండు, పత్తి ఏరిండు, ట్రాక్టరు నడిపిండు. 1941లో ఆలన్ లోమాక్స్ అనే ఆయన, ఫిస్క్ యూనివర్సిటీ నుంచి వచ్చిన జాన్ వర్క్ జానపద పాటలు సేకరించుకుంట ఆయన గుడిసెకు వచ్చి, అక్కడనే రికార్డు చేసిన్రు. తన గొంతు తాను యంత్రంల విన్నంక మడ్డీకి ధైర్యం వచ్చింది. రెండేండ్లకు రైలెక్కి చికాగో పోయిండు. ఆ మరుసటి ఏడాదే, 1944 అక్టోబర్‌లో, అదే క్లార్క్స్‌డేల్ పక్కన హాప్సన్ తోటల పత్తి ఏరే యంత్రాన్ని జనం ముందు నడిపి చూపిచ్చిన్రు. మనిషి గంటకు 9 కిలోలు ఏరితే, యంత్రం 450 కిలోల దాకా ఏరింది. ఇంక కూలీతో పనేముంది? వేలకు వేల కుటుంబాలు ఉత్తరాది పట్నాలకు పోయినయి. వాళ్ల వెంట పాట కూడా పోయింది. పట్నం రొదల వినబడాలె కాబట్టి గిటారుకు కరెంటు తగిలిచ్చిన్రు.

1950లో మడ్డీ వాటర్స్ పాడిన ఒక పాట పేరు రోలిన్ స్టోన్. ఇంగ్లండు పిల్లలు తమ బ్యాండుకు పేరు పెట్టుకున్నది ఆ పాటనుంచే. అంటే ఆ పేరుకు కూడా మూలం ఒక పత్తి కూలీ పాటే.

ఇప్పుడు ఇంగ్లండుకు పోదాం. 1961లో డార్ట్‌ఫర్డ్ అనే ఊరి రైల్వే స్టేషన్‌ల, చిన్నప్పుడు ఒకే బడిల చదివిన ఇద్దరు పిలగాండ్లు మళ్లీ కలిసిన్రు. మిక్ జాగర్ చంకల చికాగో రికార్డులు ఉన్నయి, చక్ బెర్రీది ఒకటి, మడ్డీ వాటర్స్‌ది ఒకటి. అవి చూసి కీత్ రిచర్డ్స్ మాట కలిపిండు. ఆ కాలంల ఆ రికార్డులు ఇంగ్లండుల దొరికేటివి కావు, అమెరికానుంచి పోస్టుల తెప్పిచ్చుకోవాలె. తర్వాత బ్రయన్ జోన్స్, పియానో వాయించే ఇయాన్ స్టువర్ట్, బిల్ వైమన్, డ్రమ్ముల చార్లీ వాట్స్ కలిసిన్రు. క్లబ్బుల్ల రాత్రులు వాయించి వాయించి చేయి తిప్పుకున్నరు. పాటలు రాసుడు వాళ్లకు ఇంకా రాదు. వచ్చినదల్లా తాము ప్రేమించిన పాటను మళ్లీ వాయించుడు.

1964 జనవరి, ఫిబ్రవరి నెలలల్ల లండన్ డెన్మార్క్ స్ట్రీట్‌ల రీజెంట్ సౌండ్ అనే చిన్న గదిల ఈ రికార్డు చేసిన్రు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిచ్చి ఉన్నయట, సప్పుడు తిరిగి కొట్టకుండ. రెండే ట్రాకుల టేపు మిషను. ఒకరి సప్పుడు ఇంకొకరి మైకుల పడతది. తప్పు పోతే విడిగా దిద్దుకునే వీలు తక్కువ. మొత్తం వింటే అర్ధగంట చిల్లర. ఆ గది ఇరుకు మీకు పాటల వినబడతది. నాకైతే అదే నచ్చింది. కడిగి పాలిష్ పెట్టిన బియ్యం తీరు లేదు, దంపుడు బియ్యం తీరు ఉంది.

ఇగ ఒక్కో మడి చూద్దాం.

మొదటి పాట రూట్ 66. బాబీ ట్రూప్ రాసిండు, 1946లో నాట్ కింగ్ కోల్ పాడిండు. ఆయన పాడితే కారుల మెత్తగ పోతున్నట్టు ఉంటది. వీళ్లు పాడితే సీట్లు చినిగిన జీపు గతుకుల రోడ్డు మీద ఉరికినట్టు ఉంటది. చార్లీ వాట్స్ దరువు వినండి, ఎక్కడా తొందరపడడు, ఎక్కడా వెనకపడడు. మంచి జోడెద్దులు గొర్రు లాగినట్టు సాలు తప్పదు. ఈ పాట వీళ్ల చేతిల బాగుపడింది అంట నేను.

చక్ బెర్రీ పాట క్యారల్, బో డిడ్లీ పాట మోనా కూడా అంతే. మోనాల ఒక దరువు ఉంటది, కుంటుకుంట ఉరికే దరువు. దానికి డప్పు తెలిసిన మన పిల్లల కాలు ఊరుకోదు. గిటారు సప్పుడు అలలు అలలుగ వణుకుతది. బో డిడ్లీ పాడినదానికి దగ్గరగనే ఉంది, అయినా వయసు పిలగాండ్ల ఉడుకు నెత్తురు తెలుస్తది. రూఫస్ థామస్ పాట వాకింగ్ ద డాగ్ కూడా జాగర్ కొంటె గొంతుకు సరిపోయింది.

రెండో పాట దగ్గరికి వచ్చేసరికి నాకు వేరే మాట ఉంది. ఐ జస్ట్ వాంట్ టు మేక్ లవ్ టు యూ అనే ఈ పాటను విల్లీ డిక్సన్ రాసిండు, 1954లో మడ్డీ వాటర్స్ పాడిండు. మడ్డీ పాట నిదానం. నలభై ఏండ్లు దాటినోడు అడుగు తూచి వేస్తున్నట్టు ఉంటది, ప్రతి మాటకు బరువు ఉంటది. వీళ్లు దాన్ని ఉరికిచ్చి పాడిన్రు. హుషారు వచ్చింది, బరువు పోయింది. ఇరవై ఏండ్ల పిలగాడు ఆ బరువు ఎక్కడినుంచి తెస్తడు? తేలేక ఉరికిండు. వానకు ముందే ఎండు దుక్కిల గింజ ఏసినట్టు అయింది.

యూ కెన్ మేక్ ఇట్ ఇఫ్ యూ ట్రై అనే పాట ఇంకా పలుచన. చర్చి పాట తీరు గుండెల్లనుంచి రావాలె. ఇక్కడ గొంతులనుంచి వచ్చింది. మార్విన్ గే పాడిన కెన్ ఐ గెట్ ఎ విట్నెస్ కూడా అసలు విన్నంక దీని దిక్కు మళ్లీ పోబుద్ధి కాదు. అదే పాటను మాటలు లేకుండ వాయించి వేరే పేరుతో ఇంకో పాటగ పెట్టిన్రు, అది ఖాళీ మడి నింపుడే.

అయితే స్లిమ్ హార్పో పాట ఐ యామ్ ఎ కింగ్ బీ వినండి. స్లిమ్ హార్పో లూసియానా మనిషి, 1957లో రికార్డు చేసిండు. తేనెటీగను అడ్డం పెట్టుకొని పాడే మోటు సరసం. వీళ్లు దాన్ని ఉరికియ్యలేదు, పొడుగు చెయ్యలేదు, కొత్త సొగసులు అంటియ్యలేదు. పెద్దాయన కాడ కూర్చొని నేర్చుకున్న శిష్యుడి తీరు పాడిన్రు. గిటారు తీగ మీద గొట్టం జారిచ్చి ఈగ జుమ్మని ముసిరినట్టు వాయించిన్రు. ఇది వాళ్ల సొంతం కాదని వాళ్లకే తెలుసు. 1968లో మిక్ జాగరే చెప్పిండు, స్లిమ్ హార్పో పాడింది ఉండగ మేము పాడింది వినుడెందుకు అని. నిజమే. కానీ వాళ్లు పాడకపోతే నేను స్లిమ్ హార్పో పేరు వినేటోన్నే కాదు.

జిమ్మీ రీడ్ పాట ఆనెస్ట్ ఐ డూ కూడా ఉంది. జిమ్మీ రీడ్ మిసిసిపిల పాలుకు చేసే కుటుంబంల పుట్టి, ఉత్తరాది పోయి మాంసం కంపెనీల కూలి చేసిండు. ఆయన పాట సులువు అనిపిస్తది, వాయిస్తే తెలుస్తది ఎంత కష్టమో. కల్లంల గాలికి చాటతో తూర్పార పట్టుడు చూసేటోనికి సులువే కదా. ఈ పిల్లల చేతిల ఆ పాట కొంచెం గట్టిపడింది. పాడు చెయ్యలేదు, పండియ్యనూ లేదు.

సొంత పాటలు? జాగర్, రిచర్డ్స్ ఇద్దరే రాసింది ఒక్కటే, టెల్ మీ. వేడుకోలు పాట. చేను కొనుక్కున్న మొదటి ఏడు పంట ఎట్ల ఉంటదో అట్లనే ఉంది, గట్లు సరిగ లేవు, కలుపు ఉంది, అయినా మొలిచింది. లిటిల్ బై లిటిల్ వాళ్ల పేరు మీదనే ఉన్నా జిమ్మీ రీడ్ పాట నీడ దాని మీద బాగనే పడింది.

నా లెక్క ఇది. తొమ్మిదిట్ల నాలుగైదు పాటలు మంచిగ పండినయి, ఒకటి భక్తిగ నిలిచింది, మిగతావి పలచబడ్డయి. మా పిలగాడు అన్నట్టు ఇది తీసిపారేసే రికార్డు కాదు. కొందరు రాసినట్టు గొప్ప కళాఖండమూ కాదు. ఐదుగురు పిల్లలు పని నేర్చుకుంట నేర్చుకుంట పండిచ్చిన మొదటి పంట. ఇంగ్లండు జనం దాన్ని 12 వారాలు మొదటి స్థానంల నిలబెట్టిన్రు. అంతకుముందు ఆ స్థానం బీటిల్స్ వాళ్లది. అట్ట మీద బ్యాండు పేరు కూడా లేదు. చీకట్ల ఐదు మొహాలు, కంపెనీ గుర్తు, అంతే.

రెండేండ్లకు, 1966లో, అన్ని పాటలూ తామే రాసిన రికార్డు తెచ్చిన్రు. ఆ రాత ఎక్కడ నేర్చుకున్నరు? ఈ తొమ్మిది పాటలు దున్నుకుంటనే కదా. సొంత చేను కొనకముందు పాలుకు చేసినోనికే మట్టి గుణం తెలుస్తది.

ఇప్పుడు అసలు మాట. నన్ను ఈ పోస్టు రాయిచ్చిన మాట.

పాత పహాణీల రెండు కాలాలు ఉండేటివి, మీకు తెలుసు. ఒకటి పట్టాదారు, ఇంకొకటి అనుభవదారు. దున్నేది ఎవరైనా, భూమి ఎవరిదో కాగితం చెప్పేది. పట్టా ఎవరిదైనా, దున్నేది ఎవరో కూడా చెప్పేది. పాటల రికార్డు కూడా అట్లనే. ప్రతి పాట పేరు కింద రాసినోని పేరు ఉంటది. డిక్సన్, బెర్రీ, రీడ్ అని. నేను ఆ పేర్లు పట్టుకొనే ఇంగ్లండునుంచి మిసిసిపి చేన్లదాకా పోయిన. ఆ చిన్న అక్షరాలు లేకుంటే దారే లేదు.

పేరు ఉన్నంత మాత్రాన గింజ ఇంటికి వచ్చిందని అనుకోకండి. విల్లీ డిక్సన్, మడ్డీ వాటర్స్ తమ పాటల హక్కులు పెట్టుకున్న కంపెనీ మీద 1970లల్ల కోర్టుకు పోవాల్సి వచ్చింది. పట్టా ఉంది, పంట సేటు గోదాంల ఉంది, అట్ల. అమెరికాల ఇదే రికార్డు అమ్మినప్పుడు అట్ట మీద ఇంగ్లండు కొత్త హిట్లు చేసే మొనగాళ్లు అనే అర్థం వచ్చేటట్టు రాసిన్రు. అమెరికా పత్తి కూలీల పాటే, అమెరికాకే, కొత్త సరుకు అని అమ్ముడు. మన మిర్చి పట్నం పోయి రంగు ప్యాకెట్ల తిరిగొచ్చి మన ఊరి కిరాణంల అమ్ముడైనట్టు.

ఈ పిల్లలు మాత్రం ఎక్కడినుంచి తెచ్చుకున్నరో దాచలేదు. 1965లో అమెరికా టీవీల షిండిగ్ అనే కార్యక్రమానికి పిలిస్తే, హౌలిన్ వుల్ఫ్ ఉంటేనే వస్తం అన్నరు. ఆయన కూడా మిసిసిపి మనిషే, నలభై ఏండ్లకు దగ్గరపడేదాకా ఎవుసం చేసినోడే. ఆయన పాడుతుంటే వీళ్లు ఆయన కాళ్లకాడ కూర్చున్నరు. ఆ రోజుల్ల తెల్లపిల్లలు నల్లజాతి పెద్దాయన ముందు అట్ల టీవీల కూర్చుండుడు చిన్న సంగతి కాదు. 2015లో, డెబ్బై దాటినంక, మళ్లీ 12 పాత బ్లూస్ పాటలే మూడు రోజుల్ల రికార్డు చేసిన్రు. ఒక్క సొంత పాట కలపలేదు. ఆ రికార్డు వింటే మడ్డీ పాటల ఉన్న బరువు వీళ్ల గొంతులకు కూడా వచ్చింది. యాభై ఏండ్లు పట్టింది మరి.

మా మేనత్త నాట్లేసే పాటలు పాడేది. ఒక సాలు అందుకుంటే పది మంది ఆడోళ్లు వెనకనుంచి అందుకునేటోళ్లు. కొన్నేండ్ల కింద ఎవరో వచ్చి ఫోన్‌ల రికార్డు చేసుకొని పోయిన్రు. ఆ పాట తర్వాత వాయిద్యాలతోని, వేరే అమ్మాయి గొంతుతోని, ఫోన్లల్ల తిరిగింది. పెండ్లి బరాతులల్ల మోగింది. ఆ అమ్మాయి బాగనే పాడింది, నేను కాదనను. పాట కింద జానపదం అని రాసి ఉంది. మేనత్త పేరు లేదు, ఊరి పేరు లేదు. అత్తకు వినిపిస్తే సంబురపడ్డది. "నా పాట ఎంత దూరం పోయింది బిడ్డా" అన్నది. పేరు సంగతి నేనే ఎత్తలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఆ పాట పట్టుకొని మా ఊరుదాకా రావాలనుకునేటోనికి దారి లేదు.

అందుకే పరాయి పాట పాడుడు తప్పని నేను అనను. పాడాలె, పాడితేనే పాట బతుకుతది. మంచిగ పాడలేకపోయినా పాడొచ్చు, ఆ పిల్లల్లెక్క. పేరు మాత్రం రాయాలె.

ఈ రికార్డు వినాలనుకుంటే ఒక పద్ధతి చెప్త. ముందు రోలింగ్ స్టోన్స్ పాడిన కింగ్ బీ వినండి, వెంటనే స్లిమ్ హార్పోది వినండి. తర్వాత మడ్డీ వాటర్స్ రెండో పాట, దాని వెంట వీళ్లది. ఇంగ్లీషు రాకున్నా ఫరవాలేదు. ఎవరి గొంతుల చెమట ఉందో మన చెవులకు తెలుస్తది.

ఇంకొక మాట. మీ ఊర్ల నాటు పాట, కలుపు పాట, మోట పాట పాడే అవ్వ గానీ తాత గానీ ఉంటే, ఈ వానాకాలం నాట్లు అయ్యేలోపు ఫోన్‌ల రికార్డు చేయండి. పాట కింద పాడినోళ్ల పేరు, ఇంటి పేరు, ఊరు, మండలం రాయండి. కామెంట్ల పెడితే నేను ఈ పేజీల ఆ పేరుతోనే వేస్త. ఎవరికి నచ్చితే వాళ్లు తర్వాత ఎట్లన్నా పాడుకోనీ.

ఉంట. చేను కాడ జాగ్రత్త, పాములు తిరుగుతున్నయి.